చామంతి ఎత్తు డైరీ: మొగ్గకు ముందు ఏం చేశాను, ఎక్కడ చెడింది

2024లో మా మేడ మీద 11 కుండీల్లో చామంతి పెట్టాను. డిసెంబర్‌లో కొలిస్తే సగటు ఎత్తు 78 సెం.మీ., అన్నిటికంటే పొడుగుది 91. అడుగున ఆకులు రాలిపోయిన ఎండు కాడ, చిట్టచివర నాలుగైదు పూలు. అక్టోబర్ వానలకి 7 మొక్కలు పక్కకి పడిపోయాయి. పుల్లలు పాతి కడితే కట్టిన చోటే విరిగాయి.

అందుకే 2025లో ఒకటే లెక్క పెట్టుకున్నాను. పూత సమయానికి మొక్క 40 నుంచి 45 సెం.మీ. మధ్య ఆగాలి, కుండీ అంచు కనబడకుండా గుబురుగా ఉండాలి, పుల్ల ఆసరా లేకుండా నిలబడాలి. 20 కుండీలకి నంబర్లు వేసి వారం వారం కొలిచాను. మాది విజయవాడ పటమటలో రెండంతస్తుల ఇల్లు. మేడకి తూర్పున వీధి, పడమర నీళ్ళ ట్యాంకు. మీ మేడ దిక్కులు వేరైతే నా తేదీలూ అంకెలూ కాస్త మారతాయి.

ముందు ఒక్క విషయం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. చామంతి రాత్రి పొడుగైనప్పుడు మొగ్గ వేసే మొక్క. మన దగ్గర జూన్ మూడో వారంలో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబర్‌లో దాదాపు 11. వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి మొక్క ఆ తేడాని పట్టుకుంటుంది. కాడ చివర మొగ్గ పడ్డాక ఆ కాడకి ఇక కొత్త ఆకు రాదు, ఉన్న కణుపులు సాగడమే మిగులుతుంది. అంటే ఎత్తు మీద మన చెయ్యి పనిచేసేది జూన్ నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా. నేను 2024లో అక్టోబర్‌లో కంగారుపడ్డాను. అప్పటికే ఆలస్యం.

దశ 1: నారు, మట్టి (జూన్ 15–22)

నారు మా దగ్గరి నర్సరీలో కొన్నాను, కడియం నుంచి వచ్చిన సరుకు. పసుపు రకం, ఒక్కొక్కటి 12 రూపాయలు, మొత్తం 30.

వాడిన సామాన్లు: దర్జీ టేపు, ఐస్‌క్రీం పుల్లలు (నంబర్లకి), చిన్న కత్తెర, ఒక రూళ్ళ పుస్తకం. తర్వాత ఒక డిజిటల్ థర్మామీటర్, ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ తోడయ్యాయి.

1. ఎర్రమట్టి 2 పాళ్ళు, మాగిన పశువుల ఎరువు 1 పాలు, నానబెట్టి పిండిన కోకోపీట్ 1 పాలు.
2. కుండీకి గుప్పెడు వేపపిండి.
3. 10 అంగుళాల కుండీలు. పైన 3 సెం.మీ. ఖాళీ వదలాలి, లేకపోతే నీళ్ళు మట్టిని మోసుకొని బయటికి పొర్లుతాయి.
4. నాటాక వారం రోజులు ట్యాంకు నీడలో.

7 చచ్చాయి. పీకి చూస్తే వేరు తెల్లగానే ఉంది, కానీ మట్టికి ఆనుకున్న చోట కాడ నల్లగా మెత్తబడింది. ఊగకుండా ఉంటాయని నారుని 4 సెం.మీ. లోతు దాకా దింపాను. అది తప్పు. నారు కవర్లో మట్టి ఏ మట్టంలో ఉందో కుండీలోనూ అదే మట్టంలో ఉండాలి. మిగిలిన 23లో 20 కుండీలకెక్కాయి, 3 చిన్న కవర్లలో ఉంచాను.

నాటినప్పుడు ఎత్తు: 7–8 సెం.మీ.
ఖర్చు: నారు 360, కొత్త కుండీలు 8 (మిగతా 12 పాతవి) 560, ఎర్రమట్టి 240, పశువుల ఎరువు 240, కోకోపీట్ 180, వేపపిండి 90. ఇప్పటిదాకా 1,670 రూపాయలు. మొక్కలు 20.

దశ 2: మొదటి తల తుంపు (జూలై 13)

ఎత్తు 15–17 సెం.మీ., ఒక్కో మొక్కకి 8 నుంచి 10 ఆకులు. ఒక్క కాడే నిటారుగా పోతోంది. చివరి చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి, ఆకుల మూలల్లో ఉన్న మొగ్గల్ని లేవనివ్వదు. చిగురు తీసేస్తే ఆ పట్టు పోతుంది, పక్క కొమ్మలు లేస్తాయి.

14వ నంబర్ కుండీని అసలు ముట్టుకోలేదు. పోల్చుకోవడానికి ఒకటి కావాలి కదా.

1, 2, 3 నంబర్లకి కత్తెరతో సగానికి కోశాను. కింద రెండు మూడు ఆకులే మిగిలాయి. మిగతా 16కి గోటితో చివర 2 సెం.మీ. మాత్రం గిల్లి, కింద 5–6 ఆకులు ఉంచాను.

పది రోజుల తర్వాత లెక్క:
– సగానికి కోసినవి: ఒక్కోదానికి 1 లేదా 2 కొమ్మలు.
– చివర గిల్లినవి: 4, కొన్నిటికి 5 కొమ్మలు.

ఎంత తీశామన్నది కాదు, కింద ఎన్ని ఆకులు మిగిలాయన్నదే ముఖ్యం. ఆకు ఉన్న ప్రతి మూలా ఒక కొమ్మకి చోటు. సగానికి కోస్తే పొట్టిగా అవుతుందని నేననుకున్నాను. పొట్టిగానే అయింది, కానీ గుబురు రాలేదు.

గిల్లడం ఎక్కడో వేలికే తెలుస్తుంది. చివరి చిగురుని చూపుడు వేలు, బొటనవేలు మధ్య పట్టుకొని మెల్లగా పక్కకి వంచాలి. లేత భాగమైతే టక్కుమని చిట్లుతుంది, కాడలో తడి మెరుస్తుంది, వేళ్ళకి ఆ ఘాటైన చామంతి వాసన సాయంత్రం దాకా ఉంటుంది. వంగి మళ్ళీ లేస్తే అది ముదురు, ఇంకా పైకి పోవాలి. నేను నాలుగు మొక్కలకి ముదురు చోట లాగి తొక్క ఊడేలా చేశాను. తొక్క ఊడిన చోట కింది మొగ్గ కూడా ఎండిపోయింది.

దశ 3: సాగుడు (జూలై 20 – ఆగస్టు 13)

ఈ ఏడాది నా పెద్ద తప్పు ఇదే. కాపీ చేసేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి.

జూలై 20న ఎండకి ఆకులు వాడుతున్నాయని 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాను (350 రూపాయలు). నెట్ పొడవు చాలక 17, 18, 19, 20 నంబర్లు ట్యాంకు పక్కన ఎండలోనే ఉండిపోయాయి. వాటికీ ఒక ముక్క తెచ్చి కడదామని అనుకుంటూనే రెండు వారాలు గడిపేశాను.

అదే సమయంలో ఇంకో రెండు పనులు చేశాను. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు వారానికోసారి పోశాను (కిలో 70 రూపాయలు). నీళ్ళు పోయడం సులువని 16 కుండీల్ని అంచుకి అంచు తగిలేలా రెండు వరసల్లో పెట్టాను.

ఆగస్టు 2న కొలత:
– నెట్ కింద 15 కుండీలు (తుంచనిది కాక): సగటు 27 సెం.మీ. కణుపుకీ కణుపుకీ మధ్య 3.7.
– ఎండలో మిగిలిపోయిన 4 కుండీలు: సగటు 19 సెం.మీ. కణుపు మధ్య 2.0.

నెట్ కింద ఆకు మంచి రంగులో, వెడల్పుగా, చూడ్డానికి చక్కగా ఉంది. ఎండలోవి ముదురు రంగులో, చిన్న ఆకులతో, కాస్త బీదగా కనిపించాయి. టేపు పెట్టే దాకా నాకు నెట్ కిందవే బాగున్నాయనిపించింది. కాడని వేళ్ళతో పట్టుకుంటే తేడా తెలిసింది. నెట్ కిందది నొక్కితే మెత్తగా ఉంది, ఎండలోది అగ్గిపుల్లలా గట్టిగా ఉంది.

తప్పు మూడింటిలో దేనిది? నీడదా, చెక్క నీళ్ళదా, ఇరుకుదా? చెక్క నీళ్ళు 20 కుండీలకీ పోశాను కాబట్టి ఒక్క దానిదే తప్పైతే ఎండలోవి కూడా సాగాలి. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం ఉంటుంది, అది సాగుడికి సాయం చేసే ఉంటుంది, కానీ మొదలు పెట్టింది అది కాదు. నీడా ఇరుకూ మిగిలాయి. వాటిని విడదీయడానికి:

1. ఆగస్టు 3: 1–8 మీద నెట్ తీశాను. 9–16 మీద ఉంచాను. రెండు వరసల దూరమూ మార్చలేదు.
2. చెక్క నీళ్ళు అన్నిటికీ ఆపాను.
3. ఆ రోజు ప్రతి కొమ్మలో పైనున్న ఆకుకి ఎర్ర దారం ముడివేశాను. తర్వాత పెరిగింది మాత్రమే కొలవాలని.
4. ఆగస్టు 13: దారం పైన పెరిగిన కణుపుల్ని కొలిచాను. నెట్ తీసిన వరస 2.4, నెట్ ఉన్న వరస 3.6.

ఇరుకు అలాగే ఉన్నా నెట్ తీయగానే కణుపు దగ్గరైంది. ఎక్కువ తప్పు నీడదే. ఫోన్ యాప్‌లో మధ్యాహ్నం 12కి బయట 70 వేల లక్స్, నెట్ కింద 30 వేలు చూపించింది. ఫోన్ అంకెల్ని నేను అంతగా నమ్మను, పోలికకి మాత్రం పనికొస్తాయి.

ఇరుకు తప్పు లేదని కాదు. పక్క మొక్క ఆకు మీద పడి వచ్చే వెలుతురులో ఎరుపు తగ్గిపోతుంది, మొక్క దాన్ని పోటీగా తీసుకొని పైకి ఎగబాకుతుంది. 13న అన్నిటికీ నెట్ తీసేసి, కుండీ నడిమి నుంచి కుండీ నడిమికి 45 సెం.మీ. దూరం పెట్టాను. అంత దూరం పెడితే చోటు చాలలేదు. అందుకని 4, 5, 6, 7, 8 నంబర్లు తూర్పు పిట్టగోడ పక్కకి వెళ్ళాయి. దీని సంగతి దశ 6లో వస్తుంది.

నెట్‌ని ఒక్కసారిగా తీయడం కూడా పొరపాటే. మూడో రోజుకి ఆకు అంచులు కాగితంలా తెల్లబడ్డాయి. రెండో వరసకి సాయంత్రం తీసి, మధ్యాహ్నం మళ్ళీ కప్పి, నాలుగు రోజుల్లో అలవాటు చేశాను. కుండీ కింద రెండేసి ఇటుకలు పెట్టాక వాడడం సగం తగ్గింది. మేడ గచ్చు వేడి వేరుకి తగలడమే అసలు బాధ. అది తెలియక నేను ఆకుకి నీడ కట్టాను.

ఇప్పటిదాకా 2,090 రూపాయలు. మొక్కలు 20.

దశ 4: రెండో తుంపు, వంచడం (ఆగస్టు 15 – 24)

ఆగస్టు 15న 14 తప్ప అన్నిటికీ ప్రతి కొమ్మ చివరా గిల్లాను. కొమ్మకి 4 ఆకులు ఉంచి. తర్వాత సగటు: 17–20 నంబర్లు 16 సెం.మీ., మిగతావి 22–24.

మళ్ళీ నారు అడగడానికి వెళ్ళినప్పుడు నర్సరీ ఆయన్ని అడిగాను, ఇంకోసారి తుంచచ్చా అని. "చవితి దాటాక చెయ్యి పెట్టకండమ్మా. మొగ్గ కట్టే చిగురునే గిల్లేస్తారు" అన్నాడు. 2025లో వినాయక చవితి ఆగస్టు 27. ఆ మాట నేను 17 కుండీల్లో విన్నాను, 3 కుండీల్లో వినలేదు.

వంచడం 12, 13 మీద చేశాను. పొడుగు కొమ్మల్ని బయటికి వంచి, పాత చీర అంచు పీలికలతో కుండీ అంచుకి కట్టడం. చిగురు పక్కకి వాలితే దాని పెత్తనం తగ్గి, నడుమ ఉన్న కొమ్మలు అందుకుంటాయి.

ఉదయం 7కి మొదలుపెట్టాను. 13లో మొదటి కొమ్మే మొదట్లో చీలింది. పొద్దున్న నీళ్ళు తాగి కాడ బిర్రుగా ఉంటుంది, వంగదు. చీలిన చోట తడి తుడవకుండానే దగ్గరికి నొక్కి, టేపు చుట్టి, పుల్ల ఆసరా ఇచ్చాను. మూడు వారాల్లో అక్కడ బుడిపె కట్టి అతుక్కుంది. 12కి మధ్యాహ్నం మూడింటికి, కాస్త వాడినప్పుడు చేశాను. ఒక్కటీ విరగలేదు. రోజుకి కొంచెం చొప్పున, మూడు రోజుల్లో పక్కకి తెచ్చాను. దారం కాడకి బిగించకూడదు, వదులుగా ఉచ్చులా ఉండాలి.

టేపు, దారం 45. ఇప్పటిదాకా 2,135.

దశ 5: మందు (ఆగస్టు 31)

మా బాబాయిది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు, పత్తి రైతు. రెండు ఎకరాల మామిడి కూడా ఉంది. మేడ మీదికి వచ్చి చూసి, "పత్తికి మేమూ తలలు తుంచుతాం అమ్మాయ్. ఏపుగా పోతే మందు కూడా కొడతాం. నువ్వెందుకు ఇంత తిప్పలు?" అన్నాడు. పత్తిలో ఎదుగుదల ఆపడానికి క్లోర్‌మెక్వాట్, మెపిక్వాట్ వాడతారు. మామిడికి ప్యాక్లోబ్యూట్రజోల్ పోస్తారు. ఇవి మొక్కలో జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్ తయారు కాకుండా అడ్డుపడతాయి, దాంతో కణాలు సాగవు. బాబాయి దగ్గర మామిడి మందు కొంచెం మిగిలి ఉంది, 23 శాతం ద్రావణం. చిన్న సీసాలో ఇచ్చాడు.

15కి మట్టిలో పోశాను, 16కి ఆకుల మీద కొట్టాను. రెండిటికీ ఒకే ద్రావణం: 10 లీటర్ల నీళ్ళకి 1 మి.లీ. అంటే సుమారు 25 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళు). 15కి పావు లీటరు పోశాను.

కుండీ మట్టిలో పోయాల్సింది 1 నుంచి 4 పీపీఎం, అదీ కొంచెమే. నేను ఆకు మీద కొట్టే మోతాదుని మట్టిలో పోశాను. 15 అక్కడికక్కడే ఆగిపోయింది. ఆకులు నల్లటి ఆకుపచ్చగా, మందంగా, చేత్తో విరిస్తే పెళుసుగా ఉన్నాయి. చివరిదాకా 24 సెం.మీ. దాటలేదు. పూలు ఆకుల లోపలే, గుండీల్లా విచ్చుకున్నాయి. 16 బాగానే వచ్చింది, 38 సెం.మీ.

16 బాగా వచ్చినా ఈ మందు మళ్ళీ వాడను. మట్టిలో చాలా కాలం నిలిచి ఉంటుంది. 15 కుండీ మట్టిని వేరే సంచిలో కట్టి పెట్టాను, దాంట్లో కూరగాయ, ఆకుకూర వెయ్యను. ఇంట్లో మేడ మీద పూల పక్కనే టమాటా, గోంగూర ఉండేవాళ్ళు ఇది ముట్టుకోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎండ, దూరం, వేళ్ళ గోళ్ళు ఇచ్చిన ఫలితం దాదాపు ఇంతే ఉంది.

దశ 6: వీధి దీపం (సెప్టెంబర్ 7 – అక్టోబర్ 20)

సెప్టెంబర్ 7న 17–20 సగటు 21 సెం.మీ. 14 (తుంచనిది) 48, దానికి అప్పటికే చిన్న మొగ్గ కనిపించింది.

9, 10, 11 నంబర్లు నెట్ కింద పది రోజులు ఎక్కువ ఉండటం వల్ల 33 దాకా లేచాయి. అవి చూసి నాకు టెన్షన్ పట్టింది. సెప్టెంబర్ 14న నర్సరీ ఆయన మాట కాదని వాటిని మూడోసారి గిల్లాను. నర్సరీ ఆయన చెప్పినట్టే జరిగింది. గిల్లిన చిగుళ్ళని ఇంటికి తెచ్చి పగటి వెలుతురులో విప్పి చూశాను. ఒకదాని నడుమ ఆవగింజ కంటే చిన్న పచ్చటి గుండు ఉంది. మొగ్గ అది.

సెప్టెంబర్ 21న దాదాపు అన్నిటికీ మొగ్గలు కనిపించాయి. గిల్లిన మూడింటికీ లేవు, అది సరే. 4, 5, 6, 7, 8 కి కూడా లేవు. ఆకులు బాగున్నాయి, వేరు బాగుంది, పురుగు లేదు. ఎత్తు మాత్రం వారానికి 3 సెం.మీ. చొప్పున పెరుగుతూనే ఉంది.

వారం పాటు ఎరువు తక్కువైందేమో అనుకున్నాను. రాత్రి బట్టలు తీయడానికి మేడెక్కినప్పుడు పిట్టగోడ మీద నా నీడ పడింది. చీకట్లో నీడ ఎక్కడిదా అని చూస్తే వీధి స్తంభానికి ఎల్ఈడీ దీపం, మా పిట్టగోడకి మూడు మీటర్ల దూరంలో, దాదాపు అదే ఎత్తులో. ఫోన్ పెట్టి చూశాను: 4–8 దగ్గర 11 నుంచి 16 లక్స్, ట్యాంకు పక్కన సున్నా. మనకది మసక వెలుతురు. మొక్కకి మాత్రం రాత్రి తెగిపోయినట్టే. పూల తోటల్లో చామంతిని కావాలని ఆలస్యం చేయడానికి రాత్రి నడుమ దీపాలు పెడతారు, అదే పని నాకు తెలియకుండా ఇక్కడ జరిగింది. మొగ్గ పడకపోతే కాడకి ఆగే కారణం లేదు, పైకి పోతూనే ఉంటుంది.

కుండీలు జరపడానికి చోటు లేదు. నల్ల గుడ్డ 6 మీటర్లు తెచ్చాను (330 రూపాయలు), థర్మామీటర్ 280.

మొదటి పద్ధతి (సెప్టెంబర్ 26–30), చెడిపోయింది:
1. సాయంత్రం 5కి ఐదు కుండీల మీదా గుడ్డ కప్పాను, నేల దాకా.
2. ఉదయం 7కి తీశాను.
3. సాయంత్రం 5.30కి బయట 33 డిగ్రీలు, గుడ్డ లోపల 38.
4. నాలుగో రోజుకి లోపల ఆకులకి తెల్లటి తేమ, రెండు కొమ్మల్లో పేనుబంక.

వేడి రాత్రుల్లో చామంతి మొగ్గ ఇంకా వెనక్కి పోతుంది. నేను దీపం తీసేసి వేడి పెట్టాను.

రెండో పద్ధతి (అక్టోబర్ 1 నుంచి), పనిచేసింది:
1. పిట్టగోడ వెంట దండెం తాడు కట్టి, గుడ్డని తెరలా వీధి వైపు మాత్రమే వేలాడదీశాను. పైనా, మిగతా మూడు పక్కలా గాలికి వదిలేశాను.
2. రోజూ రాత్రి 7కి తెర లాగడం, పొద్దున్న 6కి తీయడం.
3. కింద ఇటుకలతో బిగింపు, గాలికి లేవకుండా.
4. లోపల వెలుతురు 0–1 లక్స్, వేడి బయటితో సమానం.

దసరా రోజుల్లో పక్కింటి సీరియల్ దీపాలు మా మేడ మీదికి పడతాయేమోనని రోజూ కొలిచాను, 1 లక్స్ దాటలేదు. ఒకరోజు తెర లాగడం మర్చిపోయి పడుకుంటే అత్తయ్య రాత్రి పదిన్నరకి టార్చి లేకుండా మేడెక్కి లాగి వచ్చింది. "దీపం వేస్తే నీ మొక్క మళ్ళీ లేచి కూర్చుంటుందన్నావుగా" అంది.

అక్టోబర్ 20, దీపావళి ఉదయం, 6వ నంబర్‌కి మొదటి మొగ్గ కనిపించింది. తెర కట్టిన 19 రోజులకి. అప్పటికి ఆ ఐదు కుండీల సగటు 44 సెం.మీ. మిగతా వాటితో ఒకే రోజు రెండో తుంపు అందుకున్న మొక్కలవి.

పేనుబంకకి వేపనూనె 120. ఇప్పటిదాకా 2,865. మొక్కలు 20.

దశ 7: మొంథా (అక్టోబర్ 27–29)

తుఫాను హెచ్చరిక రాగానే 27 సాయంత్రం నేనూ మా ఆయనా 20 కుండీలూ మెట్ల కిందికి దించాము. తడి కుండీ ఒక్కోటి సుమారు 9 కిలోలు. 28 రాత్రి తుఫాను తీరం దాటింది, మాకు గాలి కంటే వాన ఎక్కువ.

మెట్ల దీపం రాత్రంతా వెలుగుతుందన్నది పడుకునే ముందు గుర్తొచ్చి ఆపాను. రెండు రాత్రులు అందరం టార్చితో దిగాము.

దించేటప్పుడు 5 చేతి నుంచి జారి రెండు కొమ్మలు పోయాయి. 14ని దించడమే కష్టమైంది, కాడ పక్కకి ఊగుతూ గోడకి కొట్టుకుంది, తర్వాత పుల్ల కట్టాల్సి వచ్చింది. 29 మధ్యాహ్నం పైకి తెచ్చాక మిగతా 19లో ఏదీ వాలలేదు. అడుగు ఆకులకి నల్ల మచ్చలు వచ్చినవి కోసి పారేశాను.

దశ 8: పూత, చివరి కొలతలు

నవంబర్ 5 కార్తీక పౌర్ణమికి ఒక్క పువ్వు కూడా పూర్తిగా విచ్చలేదు. అత్తయ్య వన్‌టౌన్ మార్కెట్ నుంచి తెప్పించుకుంది. 17–20 నవంబర్ 9న విచ్చడం మొదలై, చివరి సోమవారం 17న శివాలయానికి సగం బుట్ట పూలు వెళ్ళాయి.

ఒక్కో వరస పూర్తిగా విచ్చిన రోజు కొలిచిన ఎత్తు, లెక్కపెట్టిన పూలు:

– 17–20 (మొదటినుంచీ ఎండ, రెండు తుంపులు): 41, 43, 42, 40 సెం.మీ. పూలు 62, 58, 66, 60.
– 12, 13 (వంచినవి): 40, 43 సెం.మీ. పూలు 64, 47.
– 1–3 (సగానికి కోసినవి): 36, 38, 35 సెం.మీ. పూలు 21, 24, 19.
– 4–8 (వీధి దీపం): 52, 55, 57, 54, 51 సెం.మీ. పూలు 40 నుంచి 48 మధ్య. డిసెంబర్ 8కి విచ్చాయి.
– 9–11 (ఆలస్యంగా తుంచినవి): 39, 41, 38 సెం.మీ. పూలు 30 నుంచి 34, చిన్నవి. డిసెంబర్ 2.
– 14 (తుంచనిది): 76 సెం.మీ. పూలు 17.
– 15 (మట్టిలో మందు): 24 సెం.మీ. పూలు 31, గుండీలంత.
– 16 (ఆకు మీద మందు): 38 సెం.మీ. పూలు 55.

17–20 చూడండి. సెప్టెంబర్ 7న 21, పూతకి 41.5. మొగ్గ పడేటప్పుడు ఉన్న ఎత్తుకి దాదాపు రెట్టింపు. మీకు ఎంత కావాలో దాంట్లో సగానికి చవితి తర్వాత రెండో వారంలో మొక్క ఉండాలి. ఈ ఒక్క అంకె నాకు 2024లో తెలిసి ఉంటే ఆ 7 మొక్కలు పడేవి కావు.

మొత్తం ఖర్చు 2,865. నెట్ 350, థర్మామీటర్ 280 వచ్చే ఏడు ఉండవు. గుడ్డ మళ్ళీ పనికొస్తుంది.

2026కి మార్చేవి:
1. నెట్ లేదు. ఇటుకలు మొదటి రోజు నుంచే.
2. తుంపులు రెండే: జూలై రెండో వారం, ఆగస్టు 15.
3. చెక్క నీళ్ళు 15 రోజులకోసారి, సగం పలచగా, ఆగస్టు 1 నుంచి 15 దాకా అసలు లేవు.
4. కుండీలు పెట్టే ముందు రాత్రి 9కి మేడ మీద నాలుగు మూలలా వెలుతురు కొలవడం. 4–8 చోట పూల కుండీలు పెట్టను, కరివేపాకు పెడతాను.

పూలు కోసేశాక 17–20 మొక్కల్ని నేల నుంచి 8 సెం.మీ. దగ్గర కోశాను. జనవరి 11కి 18వ నంబర్ చుట్టూ తొమ్మిది పిలకలు లేచాయి, 20 చుట్టూ ఆరు. ఐస్‌క్రీం పుల్లలు వాటి పక్కనే ఉంచాను.